నెలలు నిండే వేళ తుంటి నొప్పి



ఈ ధర్మనిధి ఉపన్యాసం ఏ డాక్టరమ్మగారి స్మృతిలో జరుగుతోందో, ఆమె చేతుల మీదుగా పుట్టినవాళ్లు ఈ హాలులోనే చాలామంది ఉన్నారు. ఆమె ప్రసూతి వైద్యురాలు. నేను ఎముకల వైద్యుణ్ణి. మా ఇద్దరి విద్యలూ కలిసే చోటు ఒకటుంది, తుంటి. నెలలు నిండుతున్న తల్లికి ఆ కీలులో వచ్చే జబ్బుల గురించి మాట్లాడతానంటే ఆమె కుటుంబ సభ్యులు సంతోషంగా ఒప్పుకున్నారు. కడుపు మీద చెయ్యి వేసే ముందు గర్భిణిని గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపించి చూసే అలవాటు ఆమెకు ఉండేదని వాళ్లే చెప్పారు. ఈ రోజు నేను చెప్పబోయేది చాలావరకు ఆ అలవాటు ఎందుకు గొప్పదో చెప్పడమే.

గర్భిణికి నడుము నొప్పి, పిరుదుల నొప్పి కొత్త కాదు. కటి వలయం కీళ్లు కాన్పుకు సిద్ధమవుతూ వదులవుతాయి. వెనకవైపు నడుం దిగువ గుంటల దగ్గరో, ముందువైపు రెండు జఘన ఎముకలు కలిసేచోటో నొప్పి మొదలవుతుంది. పక్క మీద అటు నుంచి ఇటు తిరగాలన్నా, మెట్లు ఎక్కాలన్నా ప్రాణం మీదికి వస్తుంది. సుమారు ప్రతి ఐదుగురు గర్భిణుల్లో ఒకరికి ఇది ఉంటుందని ఈ విషయం మీద 2008లో వచ్చిన యూరప్ వైద్య మార్గదర్శకాలు లెక్కకట్టాయి. బాధ నిజమే అయినా ఎముకకు ప్రమాదం లేదు. వ్యాయామంతో, నడుం పట్టీతో నెట్టుకు రావచ్చు, కాన్పయ్యాక చాలామందికి తగ్గిపోతుంది. ఇంత మామూలు విషయం కాబట్టే ఏ గర్భిణి ఏ నొప్పి చెప్పినా ఇంట్లోనూ ఆసుపత్రిలోనూ ఒకటే జవాబు సిద్ధంగా ఉంటుంది. "కడుపుతో ఉన్నప్పుడు అంతేనమ్మా, కాన్పయితే అదే పోతుంది."

అదే పోతుందన్న మాట నిజమయ్యే జబ్బు ఇంకొకటి ఉంది. దాన్ని గుర్తుపట్టకపోతే మాత్రం ఆ తల్లి తుంటి విరగవచ్చు.

1959లో అమెరికాలో కర్టిస్, కిన్‌కెయిడ్ అనే ఇద్దరు వైద్యులు ఎముకల శస్త్రచికిత్స పత్రికలో ముగ్గురు గర్భిణుల కథ ప్రచురించారు. ముగ్గురికీ గర్భం చివరి మాసాల్లో తుంటి నొప్పి వచ్చింది, నడక కుంటింది. ఎక్స్‌రేలో తొడ ఎముక తల వెలిసిపోయినట్లు కనిపించింది. సున్నం కరిగిపోయిన ఎముక అది. ఆ రోజుల్లో ఇలాంటి ఎక్స్‌రే చూసిన ఏ డాక్టరుకైనా మొదట తట్టేది క్షయ, లేదా కీలులో చీము. కానీ వీళ్లకు జ్వరం లేదు, కీలు సందు ఇరుకవలేదు. ప్రసవం తర్వాత కొన్ని నెలలకు నొప్పి పోయింది, ఎముక మళ్లీ నిండింది. ఎముకలో సున్నం తాత్కాలికంగా తగ్గే ఈ జబ్బుకే తర్వాత ట్రాన్సియెంట్ ఆస్టియోపోరోసిస్ ఆఫ్ ద హిప్ అనే పేరు స్థిరపడింది. నేను తాత్కాలిక తుంటి ఆస్టియోపోరోసిస్ అంటాను. తర్వాతి దశాబ్దాల్లో ఇది నడివయసు మగవాళ్లలోనూ ఉందని, నిజానికి వాళ్లలోనే ఎక్కువని తేలింది. ఆడవాళ్లలో మాత్రం దాదాపుగా గర్భం చివరి మూడు నెలల్లో, లేదా కాన్పయిన కొత్తలో కనిపిస్తుంది. గర్భిణుల్లో ఎడమ తుంటికి ఎక్కువగా వస్తుందని మొదటి నుంచీ చెబుతూ వచ్చారు. లోపల తిరిగిన బిడ్డ తల ఆ వైపు నరాన్ని నొక్కుతుందని కొందరు, రక్తం వెనక్కి వెళ్లే దారి ఇరుకై ఎముకలో ఒత్తిడి పెరుగుతుందని కొందరు ఊహించారు. కంటికి కనిపించనంత సన్నని బీటలు ముందు పడతాయని మరికొందరి వాదన. ఏదీ అందరినీ ఒప్పించలేదు.

1988లో రేడియాలజిస్టు విల్సన్, ఆయన సహచరులు ఎమ్మారైలో ఈ తుంటిని చూపించారు. ఎముక మజ్జ అంతా నీరు పట్టి ఉంది. అప్పటి నుంచి మజ్జలో నీరు చేరడం అనే కోణంలో దీన్ని చూడటం మొదలైంది. ఎముక ముక్క తీసి పరీక్షించినచోట అది చచ్చిన ఎముక కాదని, బతికి ఉండి మళ్లీ కట్టుకుంటున్న ఎముక అని కనిపించింది. ఈ తేడా చాలా ముఖ్యం. చచ్చిన ఎముక కూలుతుంది. ఈ ఎముక కోలుకుంటుంది, మనం దాన్ని ఈలోగా విరగనివ్వకపోతే.

ఎముక ఎందుకు విరుగుతుందో చెప్పాలంటే తుంటి మోసే బరువు లెక్క చెప్పాలి. మనం నడిచేటప్పుడు ప్రతి అడుగులోనూ ఒక క్షణం ఒంటికాలి మీద ఉంటాం. ఆ క్షణంలో శరీరం రెండో వైపు ఒరిగిపోకుండా తుంటి పక్క కండరాలు గట్టిగా లాగి పట్టాలి. ఆ లాగుడూ పైనున్న బరువూ కలిసి కీలు మీద శరీరం బరువుకు సుమారు రెండున్నర రెట్ల బరువు పడుతుంది. అరవై కిలోల మనిషి తుంటి ప్రతి అడుగుకూ నూటయాభై కిలోలు మోస్తోందన్నమాట. గర్భంతో పది కిలోలు పెరిగితే కీలు మీద పెరిగేది ఇరవై ఐదు. ఇంత బరువును తొడ ఎముక మెడ మోయగలగడానికి లోపలి పుల్లల అల్లిక కారణం. 1866లో జ్యూరిక్‌లో హెర్మన్ వాన్ మేయర్ అనే శరీర శాస్త్రవేత్త కోసి చూపించిన తొడ ఎముకను కార్ల్ కుల్మన్ అనే ఇంజనీరు చూశాడు. తాను క్రేన్ కోసం గీసిన బలరేఖలే ఎముకలో ఉన్నాయని గుర్తుపట్టాడు. ఆ అల్లిక ఎక్స్‌రేలో ఎంత పలచబడిందో చూసి ఎముక బలం అంచనా వేసే పద్ధతిని 1970లో మన దేశపు వైద్యులు మన్మోహన్ సింగ్, నాగరథ్, మైనీ ప్రకటించారు. ప్రపంచమంతా నేటికీ దాన్ని సింగ్ ఇండెక్స్ అంటుంది. వైద్య విద్యార్థులకు ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది, ఇక్కడా చెప్పకుండా ఉండలేకపోయాను.

అలాంటి అల్లిక నుంచి సున్నం తగ్గిందనుకోండి. బరువు మాత్రం జీవితంలో ఎన్నడూ లేనంత పెరిగి ఉంది. పైగా ఆ నెలల్లోనే మన ఇళ్లలో "బాగా నడు, కాన్పు తేలికవుతుంది" అంటారు. ఆరోగ్యంగా ఉన్న గర్భిణికి నడక మంచిదే, నేనూ నడవమనే చెబుతాను. తుంటిలో సున్నం కరిగిన గర్భిణికి అదే మాట ఎముక విరిచే మాట అవుతుంది.

ఒక అమ్మాయి గురించి చెబుతాను, గుర్తుపట్టే వివరాలేవీ చెప్పను. తొలి చూలు. ఏడో నెల దాటాక ఎడమ గజ్జలో నొప్పి మొదలైంది. పడలేదు, జారలేదు. వారాలు గడిచేకొద్దీ కాలు మోపితే నొప్పి, పడుకుంటే ఊరట. తర్వాత తొడ ముందువైపుగా మోకాలి దాకా దిగింది. చూపించుకున్న ప్రతిచోటా బిడ్డ గుండె చప్పుడు చూశారు, రక్తం చూశారు, బరువు చూశారు, బీపీ చూశారు. నొప్పికి మాత్రం కాన్పయితే పోతుందన్న జవాబే దొరికింది. పుట్టింట్లో స్నానాల గదికి వెళుతూ గడప దాటింది, అంతే. కాలు కింద పెట్టలేకపోయింది. మా దగ్గరికి వచ్చేసరికి తొడ ఎముక మెడ విరిగి ముక్క జరిగి ఉంది. ఆ వయసులో ఆ చోట విరగడం అంటే ఎముకల వైద్యుడికి అత్యవసరం. తొడ ఎముక తలకు రక్తం మెడ పక్క నుంచే పైకి వెళుతుంది. ముక్క జరిగితే ఆ సన్నని నాళాలు తెగుతాయి, తల ఎండిపోయే ప్రమాదం ఉంటుంది. సిజేరియన్ చేసి బిడ్డను తీశారు, మేము స్క్రూలు వేశాం. తల్లీబిడ్డా క్షేమం. ఎముక అతికింది కూడా. కానీ బిడ్డ పుట్టిన మొదటి నెలల్లో ఆ తల్లి బిడ్డను ఎత్తుకుని నాలుగడుగులు వెయ్యలేకపోయింది. ఆమె తల్లి నన్ను అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పలేదు. "ఇన్నాళ్లూ నొప్పి నొప్పి అంటూనే ఉందయ్యా, ఎవరైనా ఒక్కసారి కాలు పట్టుకుని చూశారా?"

అందుకని ఆ కాలు పట్టుకుని చూడటం ఎలాగో చెబుతాను. ఈ సభలో నర్సులు, ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు ఉన్నారని తెలుసు. ఇది ప్రధానంగా వాళ్ల కోసం. మామూలు కటి నొప్పిని చెయ్యి పెట్టి చూపించమంటే గర్భిణి చెయ్యి వెనక్కి, పిరుదు పైకి పోతుంది, లేదా ముందు మధ్యకు పోతుంది. తుంటి కీలు నొప్పి అయితే చెయ్యి గజ్జలోకి పోతుంది. కొందరు తొడ ముందువైపు చూపిస్తారు, మరికొందరు మోకాలే అంటారు. తుంటికీ మోకాలికీ వెళ్లే నరాలు కొన్ని ఒకటే కాబట్టి ఇలా జరుగుతుంది. మోకాలు నొప్పి అన్న గర్భిణి మోకాలు బాగానే ఉంటే తుంటి చూడాలి. తర్వాత నడిపించి చూడాలి. నొప్పి ఉన్న కాలి మీద తక్కువసేపు నిలబడి గబుక్కున రెండో కాలు వేస్తోందా? ఒక వైపుకు ఒరుగుతోందా? పడుకోబెట్టి మోకాలు వంచి కాలిని మెల్లగా లోపలికి, బయటికి తిప్పినప్పుడు గజ్జలో నొప్పి అంటోందా? ఈ మొత్తం పరీక్షకు రెండు నిమిషాలు పట్టదు, పరికరం అక్కర్లేదు. విశ్రాంతి తీసుకుంటే తగ్గి, కాలు మోపితే పెరిగే గజ్జ నొప్పి, దానితోపాటు కుంటు. ఈ రెండూ కలిసి ఉంటే ఆ రోజు నుంచే ఆమె చేతికి ఆసరా ఇచ్చి పెద్దాసుపత్రికి పంపాలి. పంపేటప్పుడు చీటీ మీద కుంటుతోంది అన్న మాట రాయాలి. నొప్పి అన్న మాటను దాటేసే డాక్టరు కూడా కుంటు అన్న మాటను అంత తేలిగ్గా దాటెయ్యడు.

పెద్దాసుపత్రిలో ఇంకో అడ్డు ఎదురవుతుంది. అది ఎక్స్‌రే భయం. ఇంటివాళ్లకు ఉంటుంది, వైద్యులకూ ఉంటుంది. యాభై మిల్లీగ్రేల లోపు కిరణాల మోతాదుతో పిండానికి లోపాలు వచ్చినట్లు ఆధారాలు లేవని ప్రసూతి వైద్య సంఘాలు చాలాకాలంగా చెబుతున్నాయి. ఒక తుంటి ఎక్స్‌రే వల్ల బిడ్డకు చేరేది అందులో చిన్న భాగం. విరిగిందన్న అనుమానం ఉంటే ఎక్స్‌రే తియ్యకపోవడమే పెద్ద తప్పు. అయితే జబ్బు మొదట్లో ఎక్స్‌రే మామూలుగానే ఉండవచ్చు. సున్నం బాగా తగ్గితేగానీ అందులో తేడా కనపడదు, దానికి వారాలు పడుతుంది. ఎమ్మారైలో అయితే తొలి రోజుల్లోనే మజ్జలోని నీరు కనిపిస్తుంది. అందులో కిరణాలు లేవు. గర్భిణికి రంగు మందు ఎక్కించకుండా ఏ నెలలోనైనా తియ్యవచ్చు. చివరి నెలల్లో వెల్లకిలా ఎక్కువసేపు పడుకోవడం కష్టం కాబట్టి ఎడమ వైపు కాస్త ఒరిగేలా దిండు పెట్టాలి, అంతే. మన జిల్లా కేంద్రాల్లో చాలాచోట్ల ఇప్పుడు ఎమ్మారైలు ఉన్నాయి. కొరత యంత్రాలది కాదు, అనుమానానిది.

ఎమ్మారై అవసరం ఇంకొకటి ఉంది. తొడ ఎముక తలకు రక్తం ఆగి అది చచ్చుబడే జబ్బు కూడా గర్భంలో రావచ్చు. దాని చికిత్స వేరు, భవిష్యత్తు వేరు. స్టెరాయిడ్ మందులు ఎక్కువకాలం వాడినవాళ్లలో, లూపస్ ఉన్నవాళ్లలో దాని అనుమానం ముందుండాలి. మన తెలుగు నేల మీద ఇంకో వర్గం ఉంది. పాడేరు, రంపచోడవరం, ఉట్నూరు, భద్రాచలం ఏజెన్సీల్లో సికిల్ సెల్ జబ్బు ఉన్న ఆదివాసీ తల్లులు. కొడవలిలా వంగిన ఎర్రకణాలు సన్నని నాళాల్లో ఇరుక్కుని తుంటి తలను ఎండగడతాయి. సికిల్ సెల్ నిర్మూలన జాతీయ కార్యక్రమం 2023 జులైలో మొదలైంది. గర్భిణులకు ఆ పరీక్ష జరుగుతోంది. ఫలితం కాగితంలో సికిల్ అని ఉన్న గర్భిణి గజ్జ నొప్పి అంటే అది తుంటి తల చావు కావచ్చని ఏజెన్సీ వైద్యులకు నా విన్నపం. క్షయ సంగతి మన దేశంలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నొప్పి ఉంటే వెతకాలి.

ఇక మన దేశంలో మరో జబ్బు మీద కాస్త ఆగాలి. ఇది పాతది, పోయిందనుకున్నది, పోలేదు. విటమిన్ డి, కాల్షియం లేక ఎముక గట్టిపడక మెత్తబడటం, వైద్యుల మాటలో ఆస్టియోమలేషియా. నూరేళ్ల కిందట కాశ్మీర్‌లో స్త్రీల ఆసుపత్రిలో పనిచేసిన కాథ్లీన్ వాన్ అనే డాక్టరు ఈ జబ్బుతో కటి వలయం నలిగిపోయిన తల్లులను వరసగా చూశారు. బిడ్డ బయటికి వచ్చే దారి మూసుకుపోయి తల్లీబిడ్డలు చనిపోయేవారు. ఎండలో పొలం పనీ పడవ పనీ చేసుకునే ఆడవాళ్లకు లేని జబ్బు, చీకటి గదుల్లో పరదా చాటున బతికే ఇళ్ల ఆడవాళ్లకు ఎందుకుందని ఆమె అడిగారు. వెలుతురు లేకపోవడమే కారణమని 1928లో పుస్తకం రాశారు. అంతకు ఆరేళ్ల ముందే మెకాలమ్ అనే శాస్త్రవేత్త విటమిన్ డి ఉనికిని చూపించాడు. ఎండ తగిలితే చర్మం దాన్ని తయారుచేసుకుంటుందన్న సంగతి అప్పుడప్పుడే తెలుస్తోంది. ప్రయోగశాల వెతుకుతున్నది ఆమెకు కాన్పుల గదిలో ఎదురైంది.

ఇప్పుడు పరదా లేదు కదా అనవచ్చు. కానీ 2005లో లక్నో పరిశోధకులు గర్భిణుల రక్తం పరీక్షిస్తే నూటికి ఎనభై నాలుగు మందిలో విటమిన్ డి తక్కువగా ఉంది. తిరుపతి స్విమ్స్‌లో హరినారాయణ్, ఆయన బృందం మన ప్రాంతం ఊళ్లలోనూ పట్నంలోనూ పరీక్షలు చేసి 2007లో ఫలితాలు ప్రకటించారు. పొలాల్లో ఎండలో పనిచేసేవాళ్లకు పట్నం వాళ్లకన్నా విటమిన్ డి మెరుగ్గా ఉన్నా ఆహారంలో కాల్షియం మాత్రం ఇద్దరికీ చాలా తక్కువ. తినే గింజల్లోని ఫైటేట్ అనే పదార్థం ఆ కాస్త కాల్షియాన్నీ ఒంటికి పట్టనివ్వదు. మన ఎండలు మనల్ని కాపాడతాయన్న ధీమాను ఆ పరిశోధన సగమే నిలబెట్టింది. నల్లగొండ సంగతి ఇంకా కఠినం. నీటిలో ఫ్లోరైడ్, కంచంలో తక్కువ కాల్షియం కలిసినచోట ఎముక ఎలా చెడుతుందో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లోనే లాన్సెట్ పత్రికలో రాశారు.

ఎముక మెత్తబడిన గర్భిణి ఎలా ఉంటుంది? కింద కూర్చుంటే చేతులు మోకాళ్ల మీద ఊని గానీ లేవలేదు. బాతు నడక. తొడలు, పక్కటెముకలు నొక్కితే నొప్పి. ఎక్స్‌రేలో తొడ ఎముక మెడలో సగం దూరం బీట కనిపించవచ్చు. దీన్ని గుర్తుపడితే చికిత్స చౌక, ఫలితం ఖాయం. విటమిన్ డి, కాల్షియం సరిగా ఇస్తే కొన్ని వారాల్లో మనిషి లేచి నడుస్తుంది. అందుకే తుంటి నొప్పి ఉన్న ప్రతి గర్భిణికీ రక్తంలో విటమిన్ డి, కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చూడాలంటాను. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ గర్భంలో మాయ వల్ల కూడా పెరుగుతుంది కాబట్టి అదొక్కటే చూసి నిర్ణయించకూడదు.

బిడ్డ అస్థిపంజరానికి పుట్టేనాటికి సుమారు ముప్పై గ్రాముల కాల్షియం కావాలి. అందులో అయిదింట నాలుగు వంతులు చివరి మూడు నెలల్లోనే బిడ్డకు చేరుతుంది. తల్లి పేగు ఆ రోజుల్లో కాల్షియాన్ని రెట్టింపుగా పీల్చుకుంటుంది. కంచంలో ఉంటే కదా పీల్చుకోవడానికి! లేకపోతే ఎముక నుంచి తీస్తుంది. బ్యాంకులో పొదుపు లేనివాడు ఇంట్లో నగ అమ్మినట్టు. పాలిచ్చే నెలల్లో ఎముక సాంద్రత కొన్ని శాతం తగ్గడం అందరు తల్లుల్లోనూ ఉంటుంది, పాలు మాన్పించిన ఏడాదిలోపు తిరిగి వస్తుంది. ప్రకృతి ఇచ్చిన ఈ ఏర్పాటు తల్లికి తిండి ఉంటేనే సరిగా నడుస్తుంది. మన పథ్యాలు ఇక్కడే అడ్డం వస్తాయి. బాలింతకు ఒళ్లు చల్లబడుతుందని పెరుగూ మజ్జిగా దూరం పెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. 2020 జాతీయ సిఫారసు ప్రకారం బాలింతకు రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. కారం, నెయ్యి, అన్నంతో అది పూరదు. వంద గ్రాముల బియ్యంలో సుమారు పది మిల్లీగ్రాములు ఉంటే అంతే రాగుల్లో సుమారు మూడువందల యాభై ఉంటుంది. రాయలసీమ సంగటి, ఉత్తరాంధ్ర చోడంబలి, తెలంగాణ తైద జావ బాలింత కంచంలోకి తిరిగి రావాలని పెద్దవాళ్లను అడుగుతున్నాను. పథ్యం పెట్టేది ప్రేమతోనే, ఆ ప్రేమను ఒక గ్లాసు మజ్జిగతో కూడా చూపించవచ్చు.

ప్రభుత్వం 2014 నుంచే పద్నాలుగో వారం మొదలు కాన్పయిన ఆరు నెలల దాకా రోజుకు రెండు కాల్షియం మాత్రలు ఇవ్వమంటోంది. ఒక్కోదానిలో అయిదువందల మిల్లీగ్రాముల కాల్షియం, కొంత విటమిన్ డి ఉంటాయి. భోజనంతో వేసుకోవాలి. ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకూడదు, మధ్యలో రెండు గంటలైనా ఉండాలి. రెండూ ఒకే గుక్కలో మింగించి పని అయిపోయిందనుకునే ఇళ్లు ఎన్నో. ఈ ఒక్క విషయం ఇంటింటికీ వెళ్లి చెప్పగలిగింది ఆశా కార్యకర్త మాత్రమే.

తాత్కాలిక తుంటి ఆస్టియోపోరోసిస్ అని తేలితే చేసేదేమిటి? బరువు తియ్యడం. చంకకర్రలతో నడవాలి, ఆ కాలు నేలకు తాకీ తాకనట్టు ఉండాలి. నొప్పి తగ్గుముఖం పట్టాక ఒక చేతికర్ర చాలు, అది నొప్పి లేని వైపు చేతిలో ఉండాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, దానివల్ల తుంటికి మిగిలే లాభం తక్కువ. నేల మీద కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం మానాలి. ఎత్తు కుర్చీ, కమోడ్ కుర్చీ ఏర్పాటు చెయ్యాలి. నీళ్ల బిందె, గ్యాస్ బండ మరొకరు మొయ్యాలి. స్నానాల గదిలో తడి నేల మీద పట్టుకోవడానికి గోడకు కడ్డీ ఉండాలి. అలాగని పూర్తిగా మంచానికి కట్టెయ్యకూడదు. గర్భంలో కాళ్ల నాళాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ, కదలకుండా పడుకుంటే ఇంకా ఎక్కువ. ఈ చికిత్సలో మందుల దుకాణం కన్నా అత్తగారి, భర్త పాత్ర పెద్దది. కడుపుతో ఉన్న కోడలు కర్రలతో నడుస్తుంటే ఇరుగుపొరుగు ఏమంటారో అన్న బెంగతో కర్రలు మూలన పెట్టించిన కుటుంబాలను చూశాను. వాళ్లను కోప్పడి లాభం లేదు. కూర్చోబెట్టి ఎమ్మారై బొమ్మ చూపించాలి. తెల్లగా నీరు పట్టిన ఆ ఎముకను చూశాక కర్రలు తీసెయ్యమన్న కుటుంబం నాకు ఇంతవరకు తారసపడలేదు.

కాన్పు ఎలా? ఈ జబ్బు ఉన్నంత మాత్రాన సిజేరియన్ తప్పనిసరి కాదు. కాన్పు బల్ల మీద తొడలు బలంగా విడదీసి వంచకూడదు, పక్కకు పడుకోబెట్టి కూడా ప్రసవం చెయ్యవచ్చు. ఎముక విరిగి ఉంటే, విరిగేలా ఉంటే లెక్క మారుతుంది. నిర్ణయం ప్రసూతి వైద్యులు, ఎముకల వైద్యులు, మత్తు డాక్టరు ఒకచోట కూర్చుని తల్లితో మాట్లాడి తీసుకోవాలి. కాన్పుల గది నర్సుకు ఏ తుంటి అన్నది ముందే తెలిసి ఉండాలి.

కాన్పయిన మర్నాడే నొప్పి పోదు. ఇది కుటుంబాలకు గట్టిగా చెప్పాల్సిన విషయం. బిడ్డ పుట్టాక కూడా వారాలు, నెలలు పడుతుంది. సాధారణంగా మొదలైన ఆరు నుంచి పన్నెండు నెలల్లో పూర్తిగా తగ్గుతుంది. విరిగే ప్రమాదం అప్పటిదాకా ఉంటుంది. బిడ్డను ఎత్తుకుని కర్రలు వదిలేసే రోజులు అవి, జాగ్రత్త అప్పుడే ఎక్కువ కావాలి. బిడ్డకు పాలు కూర్చుని ఇవ్వాలి, బిడ్డను ఒక చోటు నుంచి ఇంకో చోటుకు మరొకరు తీసుకెళ్లాలి. పాలు మాన్పించమని అందరికీ చెప్పకూడదు. వెన్నుపూసలు కూడా విరిగినంత బలహీనమైన ఎముకలున్న తల్లికి మాత్రమే ఆ చర్చ అవసరం. ఎముక కరగకుండా ఆపే బిస్‌ఫాస్ఫొనేట్ మందులను కొందరు కాన్పు తర్వాత వాడుతున్నారు, నొప్పి త్వరగా తగ్గిందని రాశారు. ఆ మందు ఎముకలో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. మళ్లీ గర్భం కోరుకునే వయసు తల్లికి దాన్ని ఇచ్చేముందు నేను చాలాసార్లు ఆలోచిస్తాను, తనంతట తగ్గే జబ్బుకు చాలాసార్లు ఇవ్వను.

చివరగా ప్రతి తల్లీ అడిగే ప్రశ్న. మళ్లీ గర్భం వస్తే? రావచ్చు, బిడ్డను కనవచ్చు. మొదటి తుంటి పూర్తిగా మానిందని ఎమ్మారైతో చూసుకున్నాక, విటమిన్ డి సరిపడా నింపుకున్నాక రావడం మంచిది. జబ్బు తిరగబెట్టిన సందర్భాలు ఉన్నాయి, కొందరికి రెండో తుంటిలో వచ్చింది. కాబట్టి రెండోసారి మొదటి చూపులోనే, ఇంకా కడుపు కనపడని నెలలోనే, "నాకు పోయినసారి ఈ తుంటిలో సున్నం కరిగింది" అని డాక్టరుకు చెప్పి గర్భిణి కార్డు మొదటి పేజీలో రాయించుకోవాలి. పాత ఎమ్మారై ఫిల్ములు ఇంట్లోనే దాచి, పుట్టింటికి వెళ్లేటప్పుడు బట్టల సంచిలో పెట్టుకుని వెళ్లాలి.